కరివేపాకు కుండీలో రాళ్ళు

ఏమండీ,

మీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? అక్కడ అత్తయ్యగారు కులాసాయేనా? మీకన్నా ముందే అక్కడికి వచ్చేసిన మా చెల్లెలికి ఆయాసం నెమ్మదించిందా? ఇక్కడ నాకు తప్ప అందరికీ బాగానే ఉంది.

మీరు పోయాక ఈ కెనడాలో, సస్కటూన్ ఇంట్లో బేస్‌మెంట్ స్టూడెంట్లకు అద్దెకిచ్చాం. మీరు ఊరవతల ఇసుకదిబ్బల్లో ఏరుకొచ్చిన రాళ్ళను మన అమ్మాయి చెత్త అని పారేయబోతే, నేనే కరివేపాకు కుండీలో పోశాను. నిన్న ఆకు కోసుకోవడానికి వచ్చిన, కింద అద్దెకుండి పురావస్తు శాస్త్రం చదివే నల్గొండ పిల్ల లావణ్య ఒక్క అరుపు అరిచింది.

"అమ్మమ్మా, గివి ఉత్త రాళ్లు కావు! బాణం మొనలు. వేల ఏండ్ల కిందటివి!"

అమ్మాయి వెంటనే ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టింది, మా నాన్న కలెక్షన్ అని. మీరు ఉండగా ఒక్కటైనా చేత్తో పట్టుకుందా?

అవి చూసి మ్యూజియం వాళ్ళు వస్తారట. ఆ దిబ్బల్లో సరిగ్గా ఏ చోట దొరికాయో తెలియకపోతే వాటి సంగతి ఇంకేమీ తెలియదట.

"యాభై ఏళ్ళు కాపురం చేశావు, నాన్న నీకూ చెప్పలేదా అమ్మా?" అంది అమ్మాయి.

చూపిస్తాను రావే అని మీరు ఎన్నిసార్లు బతిమాలారు! పాములుంటాయని, కారు ఇసుకలో దిగబడుతుందని నేనే కదల్లేదు. ఆ సంగతి అమ్మాయికి చెప్పలేదు.

మ్యూజియం వాళ్ళు పద్నాలుగో తారీకు, శనివారం, పొద్దున పదకొండింటికి వస్తున్నారు. ఈలోగా ఓసారి కలలోకొచ్చి ఆ చోటు చెప్పి పోండి.