మెడ వంచలేని గుర్రం

రాజోలు

అత్తయ్యగారికి,

ఫోనులో మీకు సరిగ్గా వినబడడం లేదని కార్డు రాస్తున్నానండి. నేను కులాసా. ఆదివారం మీ దగ్గరికి బయల్దేరుతుంటే దిండి నుంచి మా పశువుల ఆస్పత్రికి పిలుపొచ్చింది. పెళ్ళి ఊరేగింపుల గుర్రం వ్యాను దిగుతూ జారిపడింది. మెడ బిగుసుకుపోయి, కింద గడ్డి అందుకోలేకపోతోంది.

"సూది వేసి చంపెయ్యమంటున్నారండి అందరూ," అని యజమాని వెంకటస్వామిగారు ఏడ్చేరు.

నడిపించి చూసేను, కాళ్ళు తూలలేదు, అంటే వెన్ను నరం దెబ్బతిన్నట్టు లేదు. ఎక్స్‌రే తీయిస్తే మెడ ఎముక చిట్లింది గానీ పక్కకి జరగలేదు. కదలనివ్వకుండా, గడ్డీ నీళ్ళూ ఛాతీ ఎత్తున పెట్టించేను. ఇవాళ కాస్త తింది. బతుకుతుందని గట్టిగా చెప్పలేను. నిలబడి నిలబడి నా నడుం పడిపోయింది.

పాపకి దగ్గు తగ్గిందా? సిరప్పు ఆపకండి. మావయ్యగారికి నమస్కారాలు. అమ్మ రాలేదేమని పాప అడిగితే, గుర్రానికి మెడ నొప్పి చేసిందని చెప్పండి.

మీ కోడలు,
లావణ్య