తెడ్డుకు కట్టిన తాడు

హుకుంపేట,
1926 సెప్టెంబరు 14

బావగారికి నమస్కారాలు.

ఉప్పుటేరులో వల వేస్తుండగా తెడ్డు చేజారి కొట్టుకుపోయిందని రాశారు. కొత్తది చేయించే ముందు ఒక తాడు పేనించండి. ఇక్కడ అడవిలో దొరికే అడ్డతీగ నారతో పేనుతారు, ఖర్చు ఉండదు. మీకు కొబ్బరి పీచు సరిపోతుంది. రెండు మూరలు చాలు. అంతకంటే పొడవైతే కాళ్లకు చుట్టుకుంటుంది. ఒక కొస తెడ్డు మెడకు, రెండోది దోనె అంచుకు పెట్టిన కన్నానికి కట్టాలి. కత్తికీ, చేపల బుట్టకూ అలాగే.

నేనూ మొదట వద్దన్నాను. నేను పాఠాలు చెప్పే బడికి సెలవైన రోజుల్లో బుధు అనే రైతుతో మత్స్యగెడ్డ అనే ఇక్కడి ఏట్లో చేపలకు వెళ్తుంటాను. పోయిన ఆదివారం అతని భార్య కనక ఆ తాడు కట్టబోతే, అడ్డం వస్తుందన్నాను. "సెయ్యి జారితే ఏటి సేత్తావు బాబూ?" అని తనే కట్టేసింది.

నడి గెడ్డలో బుట్ట పైకి లాగుతూ బుధు నీళ్లలో పడి కొట్టుకుపోయాడు. కంగారులో నేను తెడ్డు వదిలేశాను. అది రెండు మూరల దూరం పోయి ఆగింది. దాన్ని అందుకుని, వేసుకుంటూ వెళ్లి, రాళ్ల దగ్గర అతని జుట్టు పట్టుకున్నాను. దోనెలోకి వచ్చాక బుధు దగ్గుతూ, "తెడ్డు పోనేదు గదా?" అని అడిగాడు.

ఒడ్డున కనకకు జరిగింది చెప్పాను. ఆమె తడిసి బిగుసుకున్న ముడిని పళ్లతో విప్పి, మళ్లీ కట్టింది. చాలాసేపు కడుతూనే ఉంది.

అక్కకు తాడు పేనడం వరకే చదివి వినిపించండి.

మీ బావమరిది