తిన్నవాళ్ళే లెక్క చెప్పాలి

తిహువానా,
ఆదివారం, బడ్డీ కట్టేశాక

ముసలాయనా,

నీ హెర్లిందా రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అందరం అంటే ఇప్పుడు నేనూ, నా పొయ్యీ, బొమికల కోసం పొద్దున్నే వచ్చి కూర్చునే పక్కింటి కుక్కా. నువ్వు అక్కడ ద్రాక్షతోటల్లో ఎండకు మాడిపోకుండా ఉండాలని గ్వాదలూపే తల్లి ముందు కొవ్వొత్తి వెలిగిస్తున్నాను. ఆవిడ మీద నా కోపం తగ్గలేదు. అయినా నీకోసం వెలిగిస్తున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్లో నువ్వు సగం విని కట్ చేస్తావు. లేకపోతే ఆ సగానికే చెప్పులేసుకుని బయలుదేరతావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు. మిఠాయి చుర్రోలు అమ్మే తోమసా మేనకోడలు పనికి సరిహద్దు గేటు దాటి వెళ్తుంది కదా, దాని చేతికిచ్చి అక్కడ పోస్టు చేయిస్తాను. నా రాత చూసి నవ్వకు. చదువుకునే వయసులో నన్ను టొమాటో తోటకు పంపారని నీకు తెలుసు.

నీ ఉత్తరంలో అడిగినవన్నీ ఒక్కొక్కటే చెబుతాను. నా మోకాలు అలాగే ఉంది. కప్పు కారడం లేదు, ఎందుకంటే వాన లేదు. నువ్వు పంపిన మందు తోమసాకిచ్చాను, నాకు దాని వాసన పడలేదు. ఇంకా రెండు అడిగావు. మన గిల్ నీ ముఖం వేసిన ఆ పంది హుండీ ఎలా ఉండేది, నీ పోలిక వచ్చిందా అని ఒకటి. ఆ కారువాడు దొరికాడా, దొరికితే చెప్పు, నాకు వాడితో ఒక పని ఉంది అని రెండోది. ఆ రెంటికీ జవాబు ఉంది. కాస్త ఓపిక పట్టు. ముందు మామూలు సంగతులు రాయనీ. ఒక్కసారిగా రాయడానికి నా చెయ్యి రావడం లేదు.

నువ్వు వెళ్ళాక ఊరు బాగా మారింది. ఆదివారం వస్తే ఆవలి వైపు నుంచి తినడానికే జనం దిగుతున్నారు. ఒకమ్మాయి పసుపు గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నడుస్తుంది, వెనకాల వీళ్ళు కోడిపిల్లల్లా వస్తారు. చారలు పూసిన గాడిద పక్కన నిలబడి ఫొటో దిగుతారు, సంగీతం వాళ్ళను పిలిచి ఒక పాట పాడించుకుంటారు, ఆపైన నా బడ్డీకి వస్తారు. నా కుండకు ఫొటో తీస్తారు. నా చేతులకు కూడా తీస్తారు. రాత్రంతా మిరపకాయల పులుసులో ఉడికిన గొడ్డుమాంసం తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ సంస్కృతి, సంస్కృతి అంటారు. మొన్న తోమసా చుర్రోల బుట్ట దించుకుంటూ ఏమందో తెలుసా?

"హెర్లిందా, నీ గరిటె కూడా సంస్కృతేనట. కడగకు, పాపం తగులుతుంది."

"నీ నోరు కూడా సంస్కృతేనేమో, దాన్నెవరూ కడగలేదు," అన్నాను. చాలా రోజులకు నవ్వాను. నవ్వాక మళ్ళీ సిగ్గేసింది.

వీళ్ళందరికీ మహా నచ్చేది ఒకటుంది. రొట్టెలో మాంసం చుట్టిచ్చే టాకోలు ఎవరివీ మనం లెక్కపెట్టం కదా. తిన్నాక ఎన్ని తిన్నారని అడుగుతాం, వాళ్ళు చెబుతారు, అంతే. అదేదో వింతలాగా ఆ గొడుగు పిల్ల ముందే వాళ్ళకు చెప్పి పెడుతుంది. మీ నాన్న అనేవాడు గుర్తుందా? నోట్లోకి పోయినదాని గురించి అబద్ధమాడేవాడి నోరు ఇంక దేనికీ పనికిరాదని. నిజానికి మనం చూస్తూనే ఉంటాం. ఎవడు ఎన్ని తిన్నాడో నాకు వాళ్ళకంటే బాగా తెలుసు. అయినా అడుగుతాం. మనిషికి నిజం చెప్పే అవకాశం ఇవ్వడం అది.

ఇప్పుడు గిల్ సంగతి. ఆ రోజు ఏం జరిగిందో నీకు ఫోన్లో మొదలుపెట్టాను, నువ్వు ఆపెయ్యమన్నావు. మట్టి వెయ్యడానికి కూడా రాలేకపోయినవాడివి, నిన్ను తప్పు పట్టను. ఇటు వస్తే మళ్ళీ అటు పోలేవు, పోకపోతే తిండి లేదు. కానీ ఇప్పుడు పూర్తిగా చదవాలి. అక్కడే చుర్రోలు అమ్ముతున్న తోమసా తన కళ్ళతో చూసింది, అది చెప్పినట్టే రాస్తున్నాను.

వాడు గేటు ముందు కార్లు ఆగే లైన్లో ఎప్పటిలాగే కార్ల మధ్య తిరుగుతూ తను చేసిన సుద్దపందులు అమ్ముతున్నాడు. పళ్ళెంలో అన్నిటికన్నా పైన నీ ముఖం వేసిన పంది. నీ పుట్టినరోజుకు పంపాలని వేశాడు. ఎడమ కనుబొమ మీద నీ పుట్టుమచ్చ, పెదవి మీది గాటు వల్ల ఒక పక్క తెగిన మీసం, అన్నీ. అది అమ్మడానికి కాదు, కానీ దాన్ని చూసి జనం అద్దాలు దించుతారని పైన పెట్టుకునేవాడు. "ఇది మా నాన్న, అమ్మను, కింది వాటిలో ఏదైనా తీసుకోండి" అనేవాడు.

ఆ సాయంత్రం ఒక కారులో అతను చెయ్యి చాచి దాన్నే తీసుకున్నాడు, వెనక కూర్చున్న పిల్లలకు చూపించడానికి. అంతలో లైను కదిలింది. కారు కదిలింది. అతను పక్క వరసలోకి తిప్పాడు. గిల్ పళ్ళెం అక్కడే పడేసి వెంట పరుగెత్తాడట. "సార్, అది అమ్మేది కాదు! అది మా నాన్న! మా నాన్న!" అని అరుస్తూ. పక్క వరసలో సిమెంటు లారీ వస్తోంది. అంతే. లారీవాడిది తప్పు లేదన్నారు, లేదేమో. కారు గేటు దాటి వెళ్ళిపోయింది. పళ్ళెంలోని పందులన్నీ పగిలిపోయాయి. ఆ ఒక్కటే లేదు.

నువ్వు వెతకమన్నది ఆ కారు నడిపినతన్ని. ముసలాయనా, కూర్చుని చదువు. అతను నా బడ్డీకి వచ్చాడు.

గొడుగు పిల్ల తెచ్చిన గుంపులో వచ్చాడు. భార్య, ఇద్దరు పిల్లలు, ఒక స్నేహితుడు. మనవాళ్ళ బిడ్డే, మన భాషే, కాకపోతే నోట్లో వేడి దుంప పెట్టుకున్నట్టు మాట్లాడతాడు. మంచి తిండిపోతు. ఉల్లిపాయ, కొత్తిమీర ఇంకొంచెం, ఇంకొంచెం అని అడిగి వేయించుకున్నాడు. నాకు ముచ్చటేసింది కూడా. అది కూడా రాస్తున్నాను, దాచను. తింటూ తింటూ స్నేహితుడికి ఈ ఊరి గురించి చెబుతున్నాడు.

"అసలు తమాషా లైన్లో ఉంటుందిరా. పోయిన చలికాలం ఏమైందో తెలుసా? ఒక కుర్రాడి దగ్గర పంది తీసుకున్నా. ఇంతలో లైను కదిలింది. డబ్బు కూడా ఇవ్వలేదు! వాడు మా వెంట పరుగో పరుగు. 'అది మా నాన్న, మా నాన్న' అని అరుస్తాడు! పంది వాళ్ళ నాన్నట! పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. అప్పట్నుంచి ఇంట్లో దాని పేరు నాన్నే. చూడు, ఇదిగో."

ఫోన్లో ఫొటో చూపించాడు. స్నేహితుడు నాకూ చూపించాడు, అమ్మా మీరూ చూడండి అని.

నువ్వే. శుభ్రమైన వంటింట్లో, కాఫీ డబ్బాల పక్కన, తెగిన మీసంతో నువ్వు.

నా గరిటె పులుసులో మునిగిపోయింది. తోమసా పక్కనే ఉంది, అన్నీ విన్నది. నోరు తెరవబోతే కాలితో దాని కాలు తొక్కాను. ఎందుకు తొక్కానో నాకే తెలియదు. అతను తినడం అయ్యేదాకా చూడాలనిపించింది.

తినేసి చేతులు తుడుచుకుని స్నేహితుడితో అన్నాడు. "ఇప్పుడు చూడు. ఇక్కడెవరూ రాసుకోరు. నీ నోటి మాటే లెక్క. మన వైపు ఉందా ఇలాంటిది? సంస్కృతంటే ఇదిరా."

"ఎన్ని తిన్నారు?" అని అడిగాను.

"నేను ఏడు, మా ఆవిడ నాలుగు, పిల్లలు రెండేసి. వీడు ఆరు. పులుసు రెండు గిన్నెలు."

ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

"ఇంకా?" అన్నాను.

"ఇంకేం లేదమ్మా... అయ్యో, సోడాలు! మూడు సోడాలు. చూశావురా, అమ్మ దగ్గర తప్పించుకోలేం." అందరూ నవ్వారు.

"ఇంకా?"

నవ్వు సగంలో ఆగింది.

"ఒక పంది," అన్నాను.

"పందా? ఇది గొడ్డుమాంసం కాదా అమ్మా?" అన్నాడు స్నేహితుడు. అతనొక్కడే నవ్వాడు.

నిమ్మకాయల గిన్నె పక్కన మేకుకు తగిలించిన ఫొటో తీశాను. తిరునాళ్ళలో నువ్వూ గిల్ భుజాల మీద చేతులు వేసుకుని దిగినది. దాన్ని అతని ఫోన్ పక్కన పెట్టాను. ముందు ఆ భార్యకు అర్థమైంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, పిల్లల్ని గొడుగు పిల్ల దగ్గరికి పంపేసింది. అతను మీ ఇద్దరి ముఖాలూ చూశాడు, ఫోన్ చూశాడు, మళ్ళీ చూశాడు.

"మరి ఆ కుర్రాడు... ఇప్పుడెక్కడున్నాడు?"

ఇంక తోమసా ఆగలేదు. "నీ కారు వెనకాల లారీ కింద ఉన్నాడు బాబూ. కారుకు అద్దం ఎందుకు పెడతారు? మీసం దువ్వుకోడానికా?"

"నేను చూడలేదు. మా అమ్మ మీద ఒట్టు. నాకు తెలియదు. నేను చూడలేదు," అన్నాడు. అదే మాట మళ్ళీ మళ్ళీ.

నిజమే చెబుతున్నాడు. ముసలాయనా, ఆ నిజమే నన్ను ఎక్కువ కాలుస్తోంది. చూసి పారిపోయినవాడైతే తిట్టుకోవడానికి నాకో మనిషి దొరికేవాడు. ఇతనికి వెనక్కి చూడాల్సిన అవసరమే రాలేదు. మన బిడ్డ చివరి మాట వాళ్ళింట్లో నవ్వులాట అయింది. టాకోల దగ్గర అంత నిజాయితీగా ఉన్నవాడు.

జేబులోంచి ఉన్న డబ్బంతా తీసి బల్ల మీద పెట్టాడు. డాలర్లు. వాళ్ళు తిన్నదాని వరకే నేను తీసుకుని మిగతాది వెనక్కి తోశాను. నన్ను తిట్టాలనుకుంటే ఇక్కడ తిట్టు. తోమసా కూడా తిట్టింది, వాడి డబ్బు ఎలా ముట్టుకున్నావని. తీసుకోకపోతే ఏమవుతుంది? ఊరికే పెడితే అతను నా ఇంటికొచ్చిన చుట్టం అవుతాడు. ఎక్కువ తీసుకుంటే అది గిల్ ఖరీదవుతుంది. అందుకే టాకోలకూ, పులుసుకూ, సోడాలకూ తీసుకున్నాను. పంది బాకీ ఉంది అన్నాను.

"వచ్చే ఆదివారం తెచ్చిస్తాను, నా చేతుల్తో తెచ్చిస్తాను," అన్నాడు. చీటీ మీద పేరు, ఊరు, ఇంటి నంబరు రాసి ఇచ్చాడు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్నకు జవాబు. దొరికాడు. పేరు తెలుసు, ఊరూ తెలుసు. నీకు చెప్పను. ఆ ఊరు పేరు చదవగానే, నువ్వు పని చేసే తోటకు అది ఎంత దగ్గరో తట్టింది. నువ్వు ఒక బస్సెక్కి దిగితే చాలు. ఆ చీటీని కుండ కిందికి తోశాను. తోమసా అడిగినా చెప్పదు, దాని చేత ఒట్టు వేయించుకున్నాను. వాడిని క్షమించాననుకోకు. క్షమించలేదు, క్షమించను. కానీ ఆ వంటింట్లో నువ్వు నిలబడితే, ఆ పిల్లలు చూస్తుండగా నువ్వు చెయ్యెత్తితే, తరవాత నిన్ను ఏ జైలులో పెడతారో, నేను ఏ కాగితాలతో వచ్చి చూడాలి? ఒకడికి మట్టి వేసి వచ్చాను. ఇంకొకడి కోసం గేటు దగ్గర నిలబడే ఓపిక నాకు లేదు. వాడితో ఉందన్న ఆ పని మానుకో. నన్ను నిజంగా పెళ్ళాంగా తలిస్తే మానుకో.

ఆ వచ్చే ఆదివారం అతను రాలేదు. ఆ తరవాత కూడా రాలేదు. ఇవాళా రాలేదు. పసుపు గొడుగు వీధి మలుపు తిరిగిందంటే నా గరిటె ఆగిపోతుంది. మొహాలన్నీ చూస్తాను. వేరేవాళ్ళు తింటారు, బాగుందంటారు, లెక్క చెబుతారు. అతను ఇంకో వీధిలో తింటున్నాడేమో. తిండికి ఈ ఊళ్ళో లోటేముంది?

ఇంక నీ మొదటి ప్రశ్న మిగిలింది. నీ పోలిక వచ్చిందా అని. వచ్చింది. నేను పక్కన పడుకున్న ముఖం కదా, నాకు తెలియదా? నువ్వు కోపంగా లేనప్పుడు ఎలా ఉంటావో అలా వేశాడు. ఆ పిల్లలు పొద్దున్నే దాన్ని నాన్నా అని పిలుస్తారు, దాని వీపులో నాణేలు వేస్తారు. మన ఇంట్లో అలా పిలిచే నోరు లేదు. నువ్వు ఎడారిలో ఆకలితో, దాహంతో దాటావు, ఇప్పటికీ దాక్కుని బతుకుతున్నావు. నీ ముఖం మాత్రం పట్టపగలు గేటు గుండానే దాటింది. దాన్ని ఎవరూ కాగితాలు అడగలేదు.

ఇట్లు,
నీ ముసలిది,
గిల్ తల్లి,
హెర్లిందా