పక్కగదిలోంచి పిలుపు

అక్కా,

ఇక్కడ నేను క్షేమం. ఒక్కణ్ణే కాబట్టి ‘మేమంతా’ అని రాయడానికి లేదు. అక్కడ నువ్వూ, బావా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

మందులు వేసుకుంటున్నావా అని ఎప్పట్లాగే మొదటి ముక్కలోనే అడిగావు. వేసుకుంటున్నాను మహాతల్లీ, ఒట్టు!

ఆసుపత్రిలో నలుగురితో కలిపి కూర్చోబెడుతున్నారని రాశాను కదా, అది నాకు పడలేదు. వాళ్ళు చెప్పుకున్న బాధలన్నీ ఇంటికొచ్చాక నా చెవుల్లో మోగేవి. కౌన్సిలర్ మేడమ్‌కి అదే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. “స్కిజోఫ్రీనియా అన్న పేరొక్కటేనయ్యా, మనుషులు వేరు. నీకేది సరిపడుతుందో ఇద్దరం వెతుకుదాం” అన్నారు. అక్కడి లాండ్రీలోనే పనికి పెట్టారు. దుప్పట్లు మడతపెడుతుంటే మనసు కుదురుగా ఉంటోంది. “నిన్ను చూస్తే ముడతలు కూడా జంకుతున్నాయిరా” అంటాడు అక్కడి పెద్దాయన.

తర్వాత చెవిలో వినిపించే గొంతులకి ఎదురు చెప్పడం నేర్పారు. ‘నువ్వు నిజం కాదు, పో’ అనాలట. తిట్టేవాటన్నిటినీ దర్జాగా పొమ్మన్నాను. ఒక్కదాన్ని మాత్రం అనలేకపోయాను. అలాంటిది ఒకటుందని మేడమ్‌కీ చెప్పలేదు.

ఫోనెందుకు ఎత్తవురా, నామీద కోపమా అని అడిగావు. కోపం కాదక్కా. నేను పొమ్మనలేకపోయిన ఆ గొంతు నీది. పక్కగదిలోంచి “ఒరేయ్ చిన్నోడా, తిన్నావా?” అనేది. “తిన్నానక్కా” అని రోజూ జవాబిచ్చేవాణ్ణి. నువ్వు ఫోన్ చేస్తే ఏది నువ్వో తేలక బెదిరిపోయేవాణ్ణి.

పోయిన వారం మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. “దాన్ని పొమ్మనమని నేననను. అది నీ ఇష్టం” అన్నారు. ఇంటికొచ్చి నేనే అన్నాను, “నువ్వు మా అక్కవి కాదు, పో” అని. పోయింది. అప్పట్నుంచీ పక్కగదిలో చప్పుడే లేదు. నయమవుతున్నందుకు సంతోషించాలి కదా? నాకు ఏడుపొస్తోంది. అడిగేవాళ్ళు లేక ముద్ద దిగడం లేదు.

ఇంట్లోవాళ్ళని కూడా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి నాకు కుదురుతుందని మేడమ్ అంటున్నారు. “మీవాళ్ళు ఒక్కరైనా రావాలి, లేకపోతే మొదలుపెట్టలేను” అన్నారు. నాకు నువ్వు కాక ఎవరున్నారు? ఎలాగో వీలు చేసుకుని రా అక్కా. నా ఎదురుగా కూర్చుని, తిన్నావా అని అడుగు. నీ పెదాలు కదలడం చూశాకే జవాబు చెప్తాను.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
తమ్ముడు