ఆలస్యంగా తిరిగిన రోడ్డు

శారదా,

నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. ఈ విసుగు ఇంకెవరికి చెప్పుకోను?

ఏలూరు కాలేజీ పిల్లలు లారీ నడపడం నేర్పే సిమ్యులేటర్ చేశామంటూ నన్ను పిలిచారు. తెర మీద గుండుగొలను రోడ్డు, ఆకులతో సహా చెట్లు. నేను స్టీరింగ్ తిప్పితే మాత్రం రోడ్డు కాస్త ఆగి తిరుగుతోంది. పదే పదే కాలవలో పడ్డాను!

"కొత్త కంప్యూటర్ కొంటే సరిపోతుందండీ," అంది ప్రోగ్రాం రాసిన అమ్మాయి.

మనం కలిసి పనిచేసే రోజుల్లో, గదంతా నిండిన ఆ పాత కంప్యూటర్ మీద విమానం సిమ్యులేటర్‌కి ప్రోగ్రాం రాస్తూ నువ్వు నా మీద అరిచేదానివి: "మీ లెక్కలయ్యేదాకా పైలట్ చెయ్యి ఆగుతుందా అండీ? తగ్గించండి!"

ఒక్కో ఆకుకీ కంప్యూటర్ లెక్క కట్టాలా అని నేనూ ఆ అమ్మాయి మీద అలాగే అరిచాను. సాయంత్రం దాకా వాదించి, చివరికి ఆకులు తీసేసింది. లారీ చేతితోపాటే తిరిగింది.

"అయినా ఆకులుంటేనే బాగుందండీ," అంది మొండిగా.

నువ్వు పోయాక అందరూ నా మాటకు తలూపేవాళ్ళే. రేపు మళ్ళీ పోట్లాటకి వెళ్తున్నాను.