పోస్టరుకు దండ

శనివారం, అన్నం తిన్నాక

పొద్దున మురళి ఫోన్ చేసినాడు. ఇస్కూలు రోజుల నుంచి మేమిద్దరం పిచ్చిగా అభిమానించే జపాన్ కారు, అందులో కొత్త మోడల్, అలిపిరి కాడికి పూజకొచ్చిందంట. బెంగుళూరాయనది. పాకాల నుంచి బైకు మీద ఒకటే పరుగు.

చూస్తానే మురళి మొగం మాడ్చుకున్నాడు. "మూతి చెడగొట్టినారప్పా! ఇంత పెద్ద గ్రిల్లు ఏంది? ఎనక గుండ్రటి లైట్లు యాడ పోయినాయి?"

నాకూ మనసుకు పట్టలేదు. పూజారి మాత్రం ఆ గ్రిల్లుకే బంతిపూల దండ కట్టి, "దండ కట్టేదానికి ఇంత అనువైన కారు నేను సూళ్లేదు" అని మురిసిపోయినాడు.

కారు కదిలింది. చక్రాల కింద నిమ్మకాయలు చితికినాయి. ఆ ఇంజన్ శబ్దానికి నా గుండె అదిరింది. మురళి నా చెయ్యి పట్టుకోని ఎగిరినాడు. "గొంతు అదేనప్పా, మార్చలేదు!"

మిగిలిన దండ పూజారి నాకిచ్చినాడు. ఆ సంబరంలో ఇంటికొచ్చి, గోడ మీద పాత మోడల్ ఎనకపక్క కనపడే పోస్టరుకు వేసేసినాను. నాయన చూసి, "అయ్యో పాపం, ఎప్పుడు పోయిందిరా?" అన్నాడు.

పడీ పడీ నవ్వినాను. కానీ మనసులో ఎక్కడో చురుక్కుమనింది... గబగబా దండ తీసి నా బైకుకు వేసినాను.

ఇది రాస్తా ఉంటే, పోస్టరులో ఆ గుండ్రటి లైట్లు నన్నే చూస్తా ఉండాయి.