మూడు లెక్కపెట్టాకే మాట

సోమవారం, ఉదయం 7:40
ఒట్టు! ఈరోజు నుంచి మా ఆవిడ మాటకు అడ్డు రాను.

వంతెనలు తనిఖీ చేసే ట్రైనింగ్ కోసం వేరే ఊళ్లో ఉంది. నెట్ ఫోన్లో మాట అటు చేరడానికి అర సెకను పడుతుంది. ఆ సందులో నేను దూరిపోతాను. నిన్న తేల్చి చెప్పేసింది: "ఇంకోసారి మధ్యలో దూరావో, ఇక ఫోనే ఎత్తను." నా ఉద్యోగమేమో నెట్ ఫోన్లలో ఆలస్యం, ఎకో తగ్గించడం. సిగ్గుచేటు!

నియమం: ఆవిడ ఆపాక మనసులో ఒకటి, రెండు, మూడు. ఆ తర్వాతే నోరు తెరవాలి.

సాయంత్రం 6:30
అద్భుతం! పదకొండు నిమిషాలు, ఒక్క అడ్డూ లేదు. "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది పాపం.

మంగళవారం, సాయంత్రం 6:45
రెండుసార్లు జారాను. మొదటిది దగ్గు. రెండోది, వంతెన గురించి ఆవిడకే సలహా. దగ్గులు లెక్కలోకి రావు. సలహాలు కూడా దగ్గులాంటివే.

బుధవారం, మధ్యాహ్నం 1:15
ఉపాయం తట్టింది! అవతలి గొంతు మన స్పీకర్లోంచి మన మైకులో పడి, తిరిగి వాళ్లకే వినిపిస్తే అది ఎకో. దాన్ని కోసేసే ప్రోగ్రాం నా చేతిలోనే ఉంది. మా ఇంటి ఫోన్‌కు చిన్న మార్పు చేశాను: ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ నా మైకులో ఏది పడినా ఎకో కిందే జమకట్టి కోసెయ్యాలి. ఇంత తెలివైన మొగుడు ఇంకొకడుంటే చూపించండి!

పక్క సీటు పెద్దాయన అన్నాడు: "దానికి ప్రోగ్రామెందుకయ్యా? నోరు మూసుకుంటే పోయేదిగా!" అసూయ.

గురువారం, సాయంత్రం 6:30
హాయిగా ఆరుసార్లు అడ్డొచ్చాను. ఆవిడకు వినపడనే లేదు. "చాలా మారిపోయావ్" అంది. ఎందుకో సంతోషంగా అనలేదు.

శుక్రవారం, సాయంత్రం 6:20
కొంప మునిగింది!

"ఇక్కడే ఏడాది ఉద్యోగం ఇస్తామంటున్నారు. రేపు పొద్దున్నే చెప్పాలి. నీకు పర్లేదంటే ఉండిపోతాను. ఎందుకంటే ఇక్కడ..."

"వద్దు! వచ్చెయ్!" అని అరిచాను. ఆవిడ ఆగలేదు. మళ్లీ అరిచాను. ప్రోగ్రాం శుభ్రంగా కోసేసింది.

చివరికి అడిగింది, "ఏమంటావ్?" అలవాటు కొద్దీ ఒకటి, రెండు...

"అర్థమైందిలే," అని పెట్టేసింది.

6:50
ఎత్తడం లేదు.

7:05
ఎత్తడం లేదు. ఏడాదంతా ఈ ఇంట్లో ఒక్కణ్ణే! భయమేస్తోంది.

శనివారం, ఉదయం 7:10
ప్రోగ్రాం మొత్తం పీకేసి, స్పీకర్ గట్టిగా పెట్టి ఫోన్ చేశాను. ఎత్తింది!

"ఉండిపోతానని మెయిల్ రాసేశాను, ఇప్పుడే పంపబో..."

"పంపకు! వచ్చెయ్!"

"ఏంటీ గోల? నా మాట నాకే తిరిగి విన..."

"నువ్వు లేకపోతే నా వల్ల కాదు! వచ్చెయ్!"

ఈసారి నా అరుపు అటు చేరింది.

"నాలుగు రోజులైంది నువ్వు అడ్డొచ్చి," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఇన్నాళ్లూ ఎవరో పరాయివాడితో మాట్లాడుతున్నట్టనిపించింది. రేపు వస్తున్నా."

ఆదివారం, సాయంత్రం 5:00
వచ్చేసింది! ఒట్టు, ఈరోజు నుంచి ఎదురుగా ఉన్నా సరే, ఆవిడ మాట పూర్తయ్యాక మూడు లెక్కపెట్టి...

"ఏం రాస్తున్నావ్? మళ్లీ ఏదైనా ఒట్టు..."

"అబ్బే, ఏం లేదు!"

రేపటి నుంచి.